బంటు ఇచ్చి ఆడే పిల్లలు

పోయిన వేసవిలో ఒక ఆదివారం. బడి మేడ మీద హాల్లో పిల్లలకి చదరంగం టోర్నమెంటు జరుగుతోంది. ఆడేచోటికి పెద్దవాళ్ళని రానివ్వరు కాబట్టి అమ్మానాన్నలంతా వరండాలో, మెట్ల మీద, కిటికీ ఊచల దగ్గర సర్దుకున్నారు. చేతుల్లో నీళ్ళ సీసాలు, పెరుగన్నం డబ్బాలు. మొదటి రౌండు మొదలై ఐదు నిమిషాలైనా కాలేదు, ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు బయటికి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నాలుగెత్తుల్లో ఆట కట్టించేశా!" ఆవిడ మొహం వెలిగిపోయింది. వెంటనే ఫోను తీసి వాళ్ళాయనకి చెప్పింది. రెండో రౌండులోనూ అదే వరస.

మూడో రౌండులో వాడికి ఎదురుగా ఒక అమ్మాయి కూచుంది. కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉంది. వాడి మంత్రి బయటికి దూకగానే ఆ పిల్ల కంగారుపడలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసింది. గుర్రాన్ని తీసి తన బంటుకి కాపు పెట్టింది. ఆ తర్వాత ఒక చిన్న బంటుని ఒక్క గడి ముందుకి జరిపింది. అంతే. ఇంకో నలభై నిమిషాలకి పిల్లవాడు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, దీనికి విరుగుడు అందరికీ తెలిసిపోయినట్టుంది. వాడికి ఇంకా గట్టి ఓపెనింగ్ ఏదైనా నేర్పండి" అంది. పక్కనే నిలబడ్డ ఇంకొకాయన అందుకుని, "అసలు ఈ దాడి ఆటలు పిల్లలకి ఎందుకండీ? మావాడికి జాగ్రత్తగా ఆడేది ఒకటి చెప్పించాం, ఓడిపోడు" అన్నాడు.

ఆ రోజు నిలబడి రెండు ముక్కలు మాత్రమే చెప్పగలిగాను. గుంటూరులో ఆదివారాలు పిల్లలకి చదరంగం నేర్పుతూ చాలా ఏళ్ళ నుంచి ఈ రెండు మాటలూ వింటున్నాను. ఇద్దరూ పిల్లల మీద ప్రేమతో అడిగేవాళ్ళే. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూచుని రాస్తున్నాను.

ముందు ఆ నాలుగెత్తుల సంగతి చూద్దాం. మీకు ఆట రాకపోయినా ఫరవాలేదు, ఇంట్లో బోర్డు ఉంటే తీసి ముందు పెట్టుకోండి. పావుల పేర్లు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటాయి. బిషప్‌ని కొందరు ఒంటె అంటారు, కొందరు శకటు అంటారు. నేను ఒంటె అనే రాస్తాను, మూలనుండే రూక్‌ని ఏనుగు అని. తెల్లవాళ్ళు రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు తోస్తారు, నల్లవాళ్ళూ అంతే. వెంటనే తెల్లమంత్రి ఏటవాలుగా బోర్డు అంచుదాకా వెళ్ళి కూచుంటుంది. నల్లబంటు మీద దాని కన్ను. నల్లగుర్రం వచ్చి ఆ బంటుని కాస్తుంది. అప్పుడు తెల్ల ఒంటె బయటికొస్తుంది. ఇప్పుడు మంత్రీ ఒంటే రెండూ ఒకే గడి వైపు చూస్తున్నాయి. దాని పేరు ఎఫ్7. నల్లరాజు పక్కనున్న ఒంటె ముందు బంటు ఉండే చోటు. ఆట మొదట్లో ఆ బంటుని రాజు తప్ప ఇంకే పావూ కాయదు. చదరంగంలో పుట్టుకతోనే బలహీనమైన గడి అది. నల్లవాడు అది చూసుకోకుండా మంత్రిని తరుముదామని రెండో గుర్రాన్ని తీశాడా, మంత్రి ఎఫ్7 మీదికి దూకుతుంది, ఆట కట్టు.

ఆ అమ్మాయి చేసిందేమిటంటే, రాజు వైపు గుర్రం ముందున్న బంటుని ఒక గడి తోసింది. మంత్రికీ ఎఫ్7కీ మధ్య గోడ పడింది. మంత్రి ఇంకో గడికి వెళ్ళి మళ్ళీ అదే బెదిరింపు పెట్టింది. ఈసారి రెండో గుర్రం వచ్చి అడ్డం కూచుంది. ఇక్కడ ఒకసారి బోర్డుని లెక్కపెట్టండి. నల్లవైపు రెండు గుర్రాలూ బయట ఉన్నాయి, ఒంటెకి దారి తెరుచుకుంది. తెల్లవైపు మంత్రి రెండుసార్లు తిరిగింది, పైగా తన గుర్రం రావలసిన మంచి గడిలో తనే కూచుంది. పిల్లవాడికి ఆ తర్వాత ఏం ఆడాలో తెలియలేదు. వాడి తప్పు కాదు. వాడికి నేర్పింది అక్కడితో అయిపోయింది.

ఉచ్చు వేసి కూచోవడం వేరు, దండు కట్టుకుని వెళ్ళడం వేరు. ఈ తేడా మీకు స్పష్టంగా తెలిస్తే చాలు, మీ పిల్లల ఓపెనింగుల గురించి మీరు తీసుకోవలసిన నిర్ణయాల్లో సగం అయిపోయినట్టే. ఉచ్చు ఎదుటివాడి పొరపాటు మీద బతుకుతుంది. దాడి మన పావుల బలం మీద నడుస్తుంది. ఫోనులో పది నిమిషాల వీడియో చూసి పిల్లలు నేర్చుకొచ్చే ఎంగ్లుండ్ గాంబిట్, స్టాఫర్డ్ గాంబిట్ లాంటివి చాలావరకు ఉచ్చులే. పడితే ఎనిమిది ఎత్తుల్లో గెలుపు, పడకపోతే ఆదిలోనే హంసపాదు. పిల్లలు వాటిని ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు. వాళ్ళని తిట్టకండి. సరదాగా స్నేహితులతో ఆడుకోనివ్వండి. టోర్నమెంటుకి మాత్రం వాటిని ఆధారం చేసుకోనివ్వద్దు.

మరి ఆ రెండో తండ్రి మాటో? జాగ్రత్త ఆట. ఇప్పుడు చాలా మంది చిన్నపిల్లలకి మొదటి ఓపెనింగుగా లండన్ సిస్టమ్ నేర్పిస్తున్నారు. మంత్రి ముందు బంటు రెండు గళ్ళు, ఆపైన ఒంటె బయటికి, దాని వెనక చిన్న బంట్లతో గోడ. ఎదుటివాడు ఏం ఆడినా మనం దాదాపు అవే ఎత్తులు ఆడుకుంటూ పోవచ్చు. అది చెడ్డ ఓపెనింగేం కాదు, ప్రపంచ చాంపియన్లు ఆడిందే. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి అదే మొదటి పాఠమైతే నాకు బెంగగా ఉంటుంది. ఎందుకంటే ఎదుటివాడి చెయ్యి ఎటు కదిలిందో చూడకుండా ఏడెనిమిది ఎత్తులు టకటకా పెట్టేసే పిల్లలని నేను చాలా మందిని చూశాను. చదరంగం అంటేనే ఎత్తుకు పైఎత్తు. ఎదుటివాడి ఎత్తు చూడటం అలవాటు కాకముందే దాన్ని చూడనక్కర్లేని పద్ధతి నేర్పడం, ఈత నేర్పేముందు నడుముకి ట్యూబు కట్టి వదిలేసినట్టు. మునగరు నిజమే, ఈతా రాదు.

అందుకని నా మాట ఇది. మొదలుపెట్టిన పిల్లల్ని దాడి చెయ్యనివ్వండి. తెల్లపావులు వచ్చినప్పుడు రాజు ముందు బంటు తోసి, గుర్రం తీసి, ఒంటెని ఎఫ్7 వైపు తిప్పి పెట్టే ఇటాలియన్ ఆటతో మొదలుపెట్టండి. ఓ ఏడాది గడిచాక స్కాచ్ గాంబిట్, పిల్లకి ఇంకా దూకుడు ఉంటే ఎవాన్స్ గాంబిట్, కింగ్స్ గాంబిట్ కూడా. నల్లపావులతో అయితే రాజు ముందు బంటునే రెండు గళ్ళు తోసి ఎదురు నిలబడమనండి. ఇవన్నీ బోర్డు మధ్యభాగాన్ని తెరిచే ఆటలు. మధ్య తెరుచుకుంటే పావులకి దారులు దొరుకుతాయి, దారులు దొరికితే అవి ఒకదానితో ఒకటి ఎలా చేతులు కలుపుతాయో పిల్లల కళ్ళకి కనబడుతుంది. మూసుకుపోయిన బోర్డు మీద ఏళ్ళ తరబడి ఆడినా ఈ చూపు త్వరగా రాదు.

గాంబిట్ అనే మాట చూసి భయపడే తల్లిదండ్రులు ఉంటారు. ఇటాలియన్ భాషలో కాలు అడ్డం పెట్టి పడెయ్యడం అన్న మాట నుంచి వచ్చింది. ఆట మొదట్లోనే ఒక బంటునో రెండు బంట్లనో కావాలని వదులుకుని, బదులుగా సమయాన్నీ దారుల్నీ తీసుకోవడం. కింగ్స్ గాంబిట్‌లో రెండో ఎత్తుకే ఒంటె ముందు బంటుని ఎదుటివాడి నోటికి అందిస్తాం. "ఊరికే బంటు ఇచ్చేస్తున్నాడేమిటి మాస్టారూ?" అని అడగని తండ్రి లేడు. ఊరికే కాదు. ఎనిమిదేళ్ళ పిల్ల తన చేతిలో ఉన్నదాన్ని ఇష్టపడి వదులుకుని, దానికి తగ్గ ప్రతిఫలం కోసం ఓపిగ్గా కష్టపడటం నేర్చుకుంటోంది. పిల్లలకి సహజంగా ఉండేది పోగుచేసుకునే గుణం. దొరికిన పావునల్లా చంపుకుంటూ పోతారు. ఇచ్చి గెలవడం అనే ఆలోచన వాళ్ళ బుర్రలో మొదటిసారి మొలిచేది గాంబిట్ ఆడినప్పుడే. ఆ క్షణంలో పిల్లల కళ్ళు చూడాలి మీరు.

దీనికి నేను పిల్లలకి చూపించే మొట్టమొదటి ఆట 1858 నాటిది. అమెరికా నుంచి వెళ్ళిన పాల్ మార్ఫీ అనే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు పారిస్‌లో ఒపేరా చూస్తూ, ప్రేక్షకుల బాక్సులో కూచుని ఆడిన ఆట. ఎదురుగా ఇద్దరు దొరలు, ఒక డ్యూకు, ఒక కౌంటు, కలిసి ఆలోచించుకుని ఆడారు. మొత్తం పదిహేడు ఎత్తులు. ఏడో ఎత్తుకి మార్ఫీ మంత్రి ఒకేసారి రెండు బంట్ల మీద గురిపెట్టింది. ఎనిమిదో ఎత్తులో అందులో ఒకటి కొట్టుకోవచ్చు. ఇక్కడ నేను ఆపి, "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడుగుతాను. పిల్లలందరూ బంటుని కొట్టేస్తామంటారు. మార్ఫీ కొట్టలేదు. ఇంటి దగ్గరున్న గుర్రాన్ని బయటికి తీశాడు. దొరికే బంటు కన్నా రాని పావుని తేవడమే ముఖ్యమనుకున్నాడు.

ఆ తర్వాత గుర్రాన్ని ఇచ్చాడు. కోట కట్టుకున్నాడు, ఆ ఎత్తుతోనే ఒక ఏనుగు మధ్యవరసలోకి వచ్చేసింది. దాన్ని ఇచ్చాడు. రెండో ఏనుగు వచ్చి దాని స్థానంలో నిలబడింది. ఒంటెని ఇచ్చాడు. చివరికి మంత్రినే ఇచ్చేశాడు. మిగిలిన ఒక ఏనుగూ ఒక ఒంటే కలిసి పదిహేడో ఎత్తున ఆట కట్టించాయి. అయిపోయాక పిల్లల్ని రెండు వైపులా చూడమంటాను. తెల్లవైపు దాడిలో పాలుపంచుకోని పావు ఒక్కటీ లేదు. నల్లవైపు ఒక ఏనుగూ ఒక ఒంటే మొదట పెట్టిన గళ్ళలోంచి కదలనే లేదు. ఇది ఒక్కసారి చూసిన పిల్లకి "అన్ని పావుల్నీ బయటికి తియ్యాలమ్మా" అని నేను నూరుసార్లు చెప్పనక్కర్లేదు.

నాలుగెత్తుల ఆటకీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. రెండూ దూకుడే. ఒకదానిలో మంత్రి ఒక్కతే ఊరి మీద పడుతుంది. రెండోదానిలో ఇల్లంతా కదిలి వెళ్తుంది.

ఇవి పాతకాలపు ఆటలు, ఇప్పుడు పనికిరావు అనేవాళ్ళు ఉన్నారు. ఎవాన్స్ గాంబిట్‌ని వేల్స్‌కి చెందిన ఓడ కెప్టెన్ ఒకాయన 1820ల్లో కనిపెట్టాడు. దాన్నే 1995లో రీగాలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ మన విశ్వనాథన్ ఆనంద్ మీద ఆడి పాతికెత్తుల్లో గెలిచాడు. కింగ్స్ గాంబిట్ కథ ఇంకా బాగుంటుంది. 1960లో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతాలో స్పాస్కీ ఆ ఆటతో పదిహేడేళ్ళ ఫిషర్‌ని ఓడించాడు. ఫిషర్ పట్టుబట్టి దాని మీద పని చేసి, మరుసటి ఏడాది ఒక పత్రికలో ఈ గాంబిట్ పని అయిపోయిందని వ్యాసం రాశాడు. ఆ తర్వాత తెల్లపావులతో తనే దాన్ని ఆడాడు, గెలిచాడు కూడా. కంప్యూటర్ ఇవాళ ఆ రెండో ఎత్తుకి మార్కులు తగ్గిస్తుంది. ప్రపంచ స్థాయిలో ఆ తగ్గిన మార్కు లెక్కలోకి వస్తుంది. మూడో తరగతి చదివే పిల్లల మధ్య జరిగే ఆటని తేల్చేది అది కాదు. ఎవరి పావులు ముందు బయటికొచ్చాయి, ఎవరు ఎదుటివాడి బెదిరింపుని చూశారు అన్నదే ఆ ఆటల్ని తేలుస్తుంది.

ఏది ఉచ్చు, ఏది దాడి అని మీకు మీరుగా తెలుసుకోవాలంటే కోచ్‌ని ఒక్క ప్రశ్న అడగండి. ఎదుటివాడు సరైన జవాబు ఇస్తే మా పిల్ల చేతిలో ఏం మిగులుతుంది? ఉదాహరణకి ఫ్రైడ్ లివర్ అని ఒక దాడి ఉంది, పిల్లలు ఆ పేరు వినగానే పడీ పడీ నవ్వుతారు. ఇటాలియన్ ఆటలోంచే వస్తుంది. తెల్లగుర్రం ముందుకెళ్ళి ఎఫ్7 మీద కన్నేస్తుంది. నల్లవాడు మధ్య బంటుని అడ్డం తోస్తాడు, ఆ బంటు పోతుంది. దాన్ని పోగొట్టిన తెల్లబంటుని గుర్రంతో కొట్టాడంటే, తెల్లగుర్రం తనని తాను ఎఫ్7 మీద బలి ఇచ్చుకుని నల్లరాజుని బయటికి లాగుతుంది. రాజు తన గుర్రాన్ని కాపాడుకోడానికి బోర్డు నడిమధ్యకి నడవాల్సి వస్తుంది. నల్లవాడికి తెలిసుంటే గుర్రంతో కొట్టడు, రెండో గుర్రాన్ని అంచుకి తీసి ఒంటెని తరుముతాడు. అప్పుడు బలి ఉండదు. అయినా తెల్లవాడికి ఒక బంటు ఎక్కువ, నల్లవాడికి చురుకుదనం ఎక్కువ, ఇద్దరికీ ఆడుకోడానికి చక్కని ఆట మిగులుతుంది. ఇది నా పరీక్షలో నిలుస్తుంది. నాలుగెత్తుల కట్టు నిలవదు.

నాలుగెత్తుల కట్టుని అసలు నేర్పనే వద్దా అంటే, తప్పకుండా నేర్పాలి. తప్పించుకోవడం నేర్పాలి. మొదటి వారంలోనే. చాలా మంది చిన్నపిల్లలు టోర్నమెంటులో మొదటిసారి ఓడేది దానికే, ఆ అవమానంతో ఆట మానేసినవాళ్ళని కూడా నాకు తెలుసు. మా క్లాసులో కొత్తగా చేరిన పిల్లని నల్లపావుల వైపు కూచోబెట్టి, పాతవాళ్ళ చేత ఆ దాడి చేయిస్తాను. నాలుగోసారికి ఆ పిల్ల బంటుని తోసి నా వైపు చూస్తుంది. అప్పటినుంచి మంత్రి దూసుకొస్తే ఆ పిల్లకి భయం ఉండదు.

ఇక ఇంట్లో మీరు చేయవలసినవి. దూకుడు ఆటలు ఆడే పిల్లలు ఓడతారు. ఇది ముందే తెలిసి ఉండాలి మీకు. బంటు ఇచ్చారు, దాడి సాగలేదు, చివరికి ఆ బంటే తక్కువై ఓడారు. మొదటి ఏడాది ఇలా చాలాసార్లు జరుగుతుంది. ఓడి బయటికొచ్చిన పిల్లని "ఊరికే బంటు ఎందుకిచ్చావు?" అని అడగడం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ మాట రెండుసార్లు విన్న పిల్ల మూడోసారి బంటు ఇవ్వదు. గోడ కట్టుకుని కూచుంటుంది, మీరు మెచ్చుకునే డ్రాలు తెస్తుంది. ఆడటంలో సంతోషం మాత్రం పోతుంది. పది పన్నెండేళ్ళు వచ్చేసరికి చదువు ఒత్తిడి సాకుగా చెప్పి మానేస్తుంది. చదువు వల్ల మానేసిన పిల్లలు ఉన్నారు. భయం వల్ల మానేసినవాళ్ళు అంతకన్నా ఎక్కువ మంది ఉన్నారని నేను అనుకుంటాను.

రేటింగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) రేటింగు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ప్రతి ఆట తర్వాతా ఫోనులో లెక్కలు వేస్తుంటారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి, రేటింగు 2300 లోపు ఉన్నంతకాలం, లెక్కలో వాడే కె విలువ 40. అంటే తనంతటి వాళ్ళ చేతిలో ఓడితే ఒక్క ఆటకే 20 పాయింట్లు పోతాయి. గెలిస్తే 20 వస్తాయి. పిల్లల ఆట త్వరగా మారుతుంది కాబట్టే రేటింగు కూడా త్వరగా మారేలా పెట్టారు. కాబట్టి ఒక టోర్నమెంటులో పోయిన అరవై డెబ్భై పాయింట్లకి ఇంట్లో మూగనోము పట్టకండి. అవి ఎంత త్వరగా పోతాయో అంత త్వరగా వస్తాయి.

"గెలిచావా?" అన్నది మొదటి ప్రశ్న కాకుండా చూసుకోండి. ఫలితం ఎలాగూ పిల్ల మొహం మీదే ఉంటుంది. ముందు నీళ్ళు ఇవ్వండి, తినడానికి ఏదైనా ఇవ్వండి. తర్వాత, "ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించావు?" అని అడగండి. మీకు ఆట తెలియకపోయినా అడగగలిగిన ప్రశ్న ఇది. జవాబుగా వాళ్ళు చెప్పేదంతా మీకు అర్థం కాకపోవచ్చు. వాళ్ళు చెబుతుండగా వాళ్ళకే అర్థమవుతుంది.

కంప్యూటర్ ఇంజిన్‌ని మాత్రం కొన్నేళ్ళు దూరంగా ఉంచండి. ఆట అయిన రెండో నిమిషంలో ఫోనులో పెట్టి ఎర్రగీత చూపించి, "ఇదిగో ఇక్కడ తప్పు చేశావు" అనే తండ్రుల్ని చూస్తుంటాను. తప్పు ఎక్కడో యంత్రం చెప్పేస్తే, వెతికే కష్టం పిల్లకి తప్పుతుంది. ఆ కష్టంలోనే ఆట వస్తుంది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ చాంపియన్ అయిన గుకేశ్‌ని కూడా ఆయన కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్లు ముట్టుకోనివ్వలేదు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి బిడ్డ కాబట్టి ఆయన పేరు చెబితే మన పిల్లలు చెవులు రిక్కించి వింటారు. ఆ మాట చెప్పి ఫోను పక్కన పెట్టించండి.

గుకేశ్ ఆ కిరీటం గెలిచిన చివరి ఆటని కూడా ఒకసారి చూపించండి. అందులో మెరుపు దాడి ఏమీ లేదు. నల్లపావులతో గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ ఉంది, అంతే. గంటల తరబడి ఓపిగ్గా నడిపించాడు. ప్రత్యర్థి డింగ్ లిరెన్ యాభై అయిదో ఎత్తులో ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులూ ఒంటెలూ మారిపోయి రాజులూ బంట్లూ మిగిలాయి. ఆ ఒక్క బంటే ప్రపంచాన్ని గెలిచింది. దాడి నేర్చుకునే పిల్లకి ఇది కూడా నేర్పకపోతే నేను చెప్పిందంతా సగం మాటే అవుతుంది. ఇచ్చిన బంటు విలువ ఎంతో తెలిసినవాళ్ళే దాన్ని సరిగ్గా ఇవ్వగలరు.

ఇందుకు ఇంట్లోనే ఆడుకునే ఆట ఒకటి ఉంది. డబ్బులు పోసి ఓపెనింగ్ కోర్సులు కొనేకన్నా ఇది మేలు. బోర్డు మీద ఇద్దరు రాజులనీ, రెండువైపులా ఎనిమిదేసి బంట్లనీ మాత్రమే పెట్టండి. మిగతా పావులన్నీ సంచిలో వేసెయ్యండి. ఎవరి బంటు ముందుగా అవతలి అంచుకి చేరితే వాళ్ళు గెలిచినట్టు. అమ్మకి, నాన్నకి, తాతయ్యకి, ఎవరికైనా పది నిమిషాల్లో వచ్చేస్తుంది. రాత్రి అన్నాలయ్యాక ఒక్క ఆట. నెల తిరిగేసరికి పిల్ల మిమ్మల్ని ఓడిస్తుంది. ఓడిపోండి, కావాలని మాత్రం కాదు. కావాలని ఓడితే పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది.

ఇంటర్నెట్లో మూడు నిమిషాల ఆటల మీద పడి ఉండే పిల్లలకి దాడి వేళ్ళకి వస్తుంది, తలకి రాదు. గాంబిట్‌లో బంటు ఇచ్చాక అసలు కష్టం మొదలవుతుంది, ఆ కష్టానికి సమయం కావాలి. ఒక్కో వైపు పావుగంట, ఎత్తుకి పది సెకన్లు కలిపే ఆటలు వారంలో రెండు ఆడితే చాలు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. "జాగ్రత్తగా ఆడమ్మా, తొందరపడకు" అని కూతురికి చెప్పే నోరే కొడుకుతో "కొట్టెయ్‌రా" అంటుంది. ఇది నేను వరండాలో ప్రతి ఆదివారం వింటాను. పన్నెండేళ్ళు వచ్చేసరికి క్లాసులో అమ్మాయిలు ఎక్కువగా గోడ కట్టుకునే ఆటలకి చేరడం పుట్టుకతో వచ్చిన గుణం కాదు, మన మాటలతో వచ్చింది. హంగరీలో జూడిత్ పోల్గార్ దాడి ఆటకి పెట్టింది పేరు, 1991లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళల్లో ఆమె పేరిట ఉన్న ఆ చిన్నవయసు రికార్డుని 2002లో దాటింది మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి. తండ్రి అశోక్ గారే కూచోబెట్టి నేర్పారు. గుంటూరు నుంచి ద్రోణవల్లి హారిక ప్రపంచ మహిళా చాంపియన్‌షిప్పుల్లో మూడుసార్లు కంచు పతకం తెచ్చింది. ఇంతమంది మన ముందు ఉండగా మన అమ్మాయిలకి బంటు ఇచ్చే ధైర్యం మనమే ఇవ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అందరు పిల్లలూ దాడి చెయ్యాలనీ కాదు. నెమ్మదిగా కట్టుకుంటూ పోవడంలోనే ఆనందపడే పిల్లలు నా దగ్గర ఉన్నారు. ఒకమ్మాయికి ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలే చివరి దశ, వస్తే పండగే, అందుకోసం మంత్రుల్ని ముందే మార్చేసుకుంటుంది. ఆ పిల్లని ఎవరైనా కింగ్స్ గాంబిట్ ఆడమని బలవంతపెడితే నేను ఊరుకోను. భయంతో నెమ్మదిగా ఆడేవాళ్ళకీ ఇష్టంతో నెమ్మదిగా ఆడేవాళ్ళకీ తేడా మీకు కనబడుతుంది. ఇష్టంతో ఆడేవాళ్ళు ఆట అయ్యాక కూడా బోర్డు దగ్గరే ఉంటారు.

మొదట్లో చెప్పిన పిల్లవాడు ఇప్పుడు స్కాచ్ గాంబిట్ ఆడుతున్నాడు. పోయిన నెల ఇంకో టోర్నమెంటులో బంటు ఇచ్చి, దాడికి వెళ్ళి, ఓడి బయటికొచ్చాడు. ఈసారి ఏడవలేదు కానీ మూతి ముడుచుకునే ఉన్నాడు. వాళ్ళమ్మ డబ్బా మూత తీసి ఒక ముద్ద పెట్టి, "ఎక్కడ బాగా ఆలోచించావురా?" అంది. వాడు మెట్ల మీదే చిన్న బోర్డు పరిచి, రాసుకొచ్చిన కాగితం చూస్తూ పావులు పేర్చాడు. ఆవిడకి రాజు, బంటు తప్ప మిగతావి ఎలా నడుస్తాయో ఇంకా సరిగ్గా రాదు. కాసేపు చూసి, మూలనున్న ఏనుగు మీద వేలు పెట్టింది.

"ఇది ఇక్కడే ఉందేం?"

వాడు దాని వంక చూశాడు. "తేలేదు. అది రాకుండానే వెళ్ళిపోయానమ్మా" అన్నాడు. తర్వాత రెండెత్తులు వెనక్కి తిప్పి, కోట కట్టి, ఏనుగుని మధ్యవరసలోకి జరిపి చూసుకున్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఈలోగా లోపల గోడకి తర్వాతి రౌండు కాగితం అంటించారు. చెయ్యి నిక్కరుకి తుడుచుకుని పరుగెత్తాడు. ఆవిడ మెట్ల మీద కూచుని పావులు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంటోంది. ఏనుగుని మాత్రం చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.